తెలుగు అద్భుత ప్రణయ కథల్లో యుక్తిగల నాయిక

అద్భుత ప్రణయ కథ అంటే మాయలు, శాపాలు, రాక్షసులు, మాంత్రికుల నడుమ ఒక జంట కలవడమో, విడిపోయి తిరిగి కలవడమో వస్తువుగా సాగే కథ. ఇలాంటి కథల్లో ఒక వర్గానికి కేంద్రం నాయిక తెలివి. ఆమె చేతిలో కత్తి గానీ మంత్రదండం గానీ ఉండదు. మాట నేర్పు, ఓపిక, మారువేషం, సమయస్ఫూర్తి ఆమె ఆయుధాలు. వాటితోనే ఆపద దాటి కోరుకున్నవాణ్ణి చేపడుతుంది, లేదా పోయిన భర్తను తెచ్చుకుంటుంది. కథలో ప్రేమ ఉన్నా శృంగార వర్ణన ఉండదు. ఇంట్లో అమ్మమ్మ ముందు కూర్చుని మనవరాలు పైకి చదవగలిగేంత మర్యాదగా కథ నడుస్తుంది. ఇంగ్లీషు ప్రచురణ రంగంలో యువ పాఠకుల కోసం ఇలాంటి కథలకు ప్రత్యేక విభాగమే ఏర్పడింది. తెలుగులో అలాంటి విభాగం పేరు పెట్టుకుని ఏర్పడలేదు గానీ, కథలు మాత్రం కావ్యాల్లో, బుర్రకథల్లో, కాశీమజిలీల్లో, చందమామలో, జానపద చిత్రాల్లో విస్తారంగా ఉన్నాయి. వీటిలో కొన్ని ముఖ్యమైన దశలకు విశాఖపట్నం, దాని చుట్టూ ఉన్న ఉత్తరాంధ్ర ప్రాంతంతో సంబంధం ఉంది.

లక్షణాలు

ఈ కథల్లో కొన్ని అంశాలు తరచుగా కనిపిస్తాయి. నాయిక సాధారణంగా ఇంటికి చిన్న కూతురు. తల్లి లేకపోవడం, సవతి తల్లి పోరు, తండ్రి కోపం వంటి కారణంతో ఇంటి రక్షణ పోతుంది. బలవంతుడైన ప్రతినాయకుడి చేతికి చిక్కుతుంది. అతణ్ణి బలంతో ఎదిరించే వీలు లేదు కనుక కాలం గడిపి, రహస్యం రాబట్టి, మనుషులను కూడగట్టి గెలుస్తుంది.

కన్నడ, ఇంగ్లీషు రచయిత, జానపద పండితుడు ఎ. కె. రామానుజన్ భారతీయ కథలను పరిశీలిస్తూ ఒక తేడా చూపాడు. పురుషుడు కేంద్రంగా ఉన్న కథ పెళ్లితో ముగుస్తుంది. స్త్రీ కేంద్రంగా ఉన్న కథలో అసలు కష్టం పెళ్లి తరవాతే మొదలవుతుంది, భర్తను కాపాడుకునే పని ఆమెపై పడుతుంది. తెలుగులో బాగా ప్రచారంలో ఉన్న బాలనాగమ్మ కథకు ఈ సూత్రం పూర్తిగా వర్తిస్తుంది.

కావ్య, పురాణ పరంపర

పోతన భాగవతంలోని రుక్మిణీ కల్యాణాన్ని ఈ వర్గానికి పురాణ రూపంగా చెప్పుకోవచ్చు. అన్న రుక్మి తనను శిశుపాలుడికి ఇవ్వ నిశ్చయించినప్పుడు రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి సందేశం పంపుతుంది. అందులో ప్రేమ నివేదనతో పాటు ఒక పథకం కూడా ఉంది. అంతఃపురంలో ఉన్న కన్యను బంధువులను చంపకుండా ఎలా తీసుకుపోవాలన్న సందేహం కృష్ణుడికి రావచ్చని ముందే ఊహించి, పెళ్లికి ముందు ఊరి వెలుపలి గౌరి గుడికి వెళ్లే కులాచారం తమకు ఉందని, అక్కడికి రమ్మని చెబుతుంది. వేళ, చోటు, ఉపాయం అన్నీ నాయికవే. పెళ్లి కావలసిన ఆడపిల్లల చేత ఈ ఘట్టాన్ని పారాయణ చేయించే ఆచారం తెలుగు ఇళ్లలో ఉండడం వల్ల, యుక్తితో వరుణ్ణి చేపట్టిన నాయిక కథ తరతరాల అమ్మాయిల నోట నానింది.

మహాభారతంలోని సావిత్రిది మాటతో గెలిచిన కథ. భర్త ప్రాణాలు తీసుకుపోతున్న యముడి వెంట నడుస్తూ, మామగారికి చూపు, రాజ్యం, తండ్రికి కొడుకులు అంటూ ఒక్కొక్క వరమే అడుగుతుంది. చివరికి తనకు సంతానం కావాలంటుంది. ఆ వరం ఇచ్చాక సత్యవంతుణ్ణి బతికించక యముడికి గత్యంతరం ఉండదు.

దండి సంస్కృత దశకుమారచరితాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగులో కావ్యంగా రచించి తిక్కనకు అంకితమిచ్చాడు. అభినవదండి అన్న బిరుదు అందువల్లే వచ్చింది. దండి గ్రంథంలోని గోమిని కథ ఈ వర్గంలో ఇంటి నేర్పుకు నిదర్శనం. కంచికి చెందిన శక్తికుమారుడు గుణవతి అయిన భార్యను వెతుకుతూ, కొంగున కొద్దిపాటి వడ్లు మూటగట్టుకుని ఊరూరా తిరుగుతాడు. ఆ వడ్లతోనే తనకు పూర్తి భోజనం పెట్టగలవా అని కన్యలను అడుగుతాడు. అందరూ నవ్వి పంపేస్తారు. కావేరీ తీరంలో గోమిని ఒప్పుకుంటుంది. వడ్లను కాస్త ఎండబెట్టి, పొట్టు చితకకుండా గింజ వేరుచేసి, ఆ పొట్టును నగలకు మెరుగు పెట్టుకోవడానికి కంసాలులకు అమ్మిస్తుంది. వచ్చిన కాసులతో కట్టెలు, కుండ, మూకుళ్లు తెప్పిస్తుంది. అన్నం వండి, కట్టెలను ఆర్పి, ఆ బొగ్గులమ్మి కూరగాయలు, నెయ్యి, పెరుగు, నూనె, ఉసిరిక, చింతపండు తెప్పిస్తుంది. వచ్చినవాడికి తలంటు, జావ, అన్నం, చారు, మజ్జిగ అన్నీ క్రమంగా అమరుతాయి. అద్భుతం కోసం ఇక్కడ మంత్రం అవసరం కాలేదు.

సోమదేవుడి కథాసరిత్సాగరంలోని దేవస్మిత కథ రేవు పట్టణాల కథ. ఈ గ్రంథానికి మూలమని చెప్పే గుణాఢ్యుడి బృహత్కథను సంప్రదాయం శాతవాహనుల ఆస్థానంతో ముడిపెడుతుంది. కథాసరిత్సాగరాన్ని వేదం వేంకటరాయశాస్త్రి తెలుగు వచనంలోకి తెచ్చారు. తామ్రలిప్తి వర్తకుడు గుహసేనుడు, దేవస్మిత ప్రేమించి పెళ్లాడతారు. అతడు వ్యాపారానికి కటాహద్వీపానికి వెళ్లవలసి వస్తుంది. ఇది నేటి మలేషియాలోని కెడా ప్రాంతమని పండితుల అభిప్రాయం. శివుడు ఇద్దరికీ చెరొక ఎర్ర తామర ఇస్తాడు. ఒకరు తప్పు చేస్తే రెండోవారి చేతిలోని పువ్వు వాడిపోతుంది. ఆ సంగతి తెలిసిన కటాహ వర్తకుల కొడుకులు నలుగురు ఆమెను లోబరచుకోవాలని తామ్రలిప్తికి వస్తారు. దేవస్మిత వాళ్లకు ఉమ్మెత్త కలిపిన మద్యం పోయించి, నొసట కుక్కపాదం ముద్ర వేయించి పంపుతుంది. వాళ్లు తిరిగి వెళ్లి భర్తకు హాని చేస్తారేమోనని తానే పురుషుడి వేషంలో ఓడ ఎక్కుతుంది. కటాహ రాజసభలో, పారిపోయిన తన బానిసలు నలుగురు ఇక్కడ ఉన్నారని ఫిర్యాదు చేసి, తలపాగాలు విప్పించి ముద్రలు చూపిస్తుంది. సొమ్ము రాబట్టి, భర్తను వెంటబెట్టుకుని ఇంటికి చేరుతుంది. భార్య శీలంపై పరీక్ష అన్న అంశంలో షేక్‌స్పియర్ సింబెలీన్ నాటకంతో ఈ కథకు పోలిక ఉంది.

తరవాతి శతాబ్దాల్లో తెలుగులో మరో ధోరణి కూడా బలపడింది. పాలవేకరి కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతి కావ్యాల్లో ఆడవాళ్ల చాకచక్యానికి లోటు లేదు. అయితే అక్కడ దాని ప్రయోజనం పరపురుషుడితో కలయికను భర్త కంట పడకుండా దాచడం. తలుపు తట్టిన భర్త ముందు క్షణంలో కొత్త కథ అల్లే ఇల్లాలికీ, మాంత్రికుడి ముందు వ్రతం పేరు చెప్పి గడువు కోరే బాలనాగమ్మకూ ఉన్నది ఒకే నేర్పు. తరవాతి కాలంలో పిల్లల కోసం, యువత కోసం కథలు రాసినవారు ఆ నేర్పును ఉంచుకుని, శృంగారాన్ని వదిలేశారు. తెలుగు మర్యాద కథ ఇలా రూపు కట్టింది.

మౌఖిక పరంపర: బాలనాగమ్మ

బుర్రకథగా, తోలుబొమ్మలాటగా, నాటకంగా తెలుగు నేల అంతటా నడిచిన కథ ఇది. కథనాలు ప్రాంతాన్ని బట్టి మారినా ప్రధాన రేఖ ఒకటే. నవభోజరాజు ఏడుగురు కూతుళ్లలో చిన్నది బాలనాగమ్మ. సవతి తల్లి మాట విని రాజు పిల్లలను అడవిలో వదిలేస్తాడు. ఆమె కార్యవర్ధిరాజును పెళ్లాడి, బాలవర్ధిరాజును కంటుంది. బిడ్డ పసివాడిగా ఉండగానే మాయల ఫకీరు భిక్షకు వచ్చి, ఆమెను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుకుతూ వచ్చిన భర్త రాయి అవుతాడు.

ఆ తరవాత కథ ఆమె చేతిలో నడుస్తుంది. తాను వ్రతంలో ఉన్నానని, అది ముగిసేదాకా తాకరాదని చెప్పి ఏళ్ల తరబడి ఫకీరును దూరం పెడుతుంది. కొడుకు పెరిగి పెద్దవాడై, పూలమ్మే తంబళి పెద్ది ఇంట చేరి, పూలదండ ద్వారా తల్లికి తన ఉనికి తెలియజేస్తాడు. అప్పుడామె ఫకీరును బుజ్జగించి, అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందన్న రహస్యం రాబడుతుంది. సాహసయాత్ర కొడుకుది. ఆ యాత్రకు దారి చూపిన సమాచారం, అంతవరకు గడువు తెచ్చిన ఓపిక తల్లివి.

ప్రాణం శరీరానికి వెలుపల దాచుకున్న రాక్షసుడి కథను అంతర్జాతీయ జానపద కథా వర్గీకరణలో 302వ రకంగా గుర్తిస్తారు. బాలనాగమ్మకు దగ్గరి రూపాన్ని మేరీ ఫ్రెర్ 1868లో ఓల్డ్ డెక్కన్ డేస్ సంకలనంలో పంచ్‌కిన్ పేరుతో అచ్చువేసింది. అక్కడ కూడా నాయిక ఏడుగురిలో చిన్నది, పేరు బల్నా. ఆ కథలు చెప్పింది ఫ్రెర్ ఇంట ఆయాగా పనిచేసిన అన్నా లిబరాటా డిసౌజా. వ్రాతపూర్వకంగా నమోదైన తొలి దక్కను కథల్లో ఒకటి ఇలా ఒక స్త్రీ నోటి నుంచే వచ్చింది.

యుక్తి రకాలు

కథలన్నీ కలిపి చూస్తే నాయిక వాడే ఉపాయాలు కొన్ని వర్గాలుగా విడిపోతాయి.

గడువు కోరడం: వ్రతం, మొక్కు, మైల వంటి కారణం చెప్పి బలవంతపు పెళ్లిని వాయిదా వేయడం. ప్రతినాయకుడు కూడా కాదనలేని ఆచారాన్ని అడ్డుపెట్టడం ఇందులోని కీలకం. బాలనాగమ్మ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ.

రహస్యం రాబట్టడం: లొంగినట్టు కనిపించి, శత్రువు ప్రాణం ఎక్కడుందో తెలుసుకోవడం.

మారువేషం: దేవస్మితలాగా పురుష వేషంలో రాజసభకు వెళ్లడం, లేదా వేరే స్త్రీగా కనిపించి ఎదుటివాణ్ణి బుట్టలో వేసుకోవడం.

సందేశం: బ్రాహ్మణుడు, పూలమ్మే పెద్దమ్మ, చిలుక, హంస ద్వారా కబురు పంపడం. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో ఈ పని శుచిముఖి అనే ఆడహంసది.

మాట మెలిక: వరంలోనో షరతులోనో ఉన్న సందును పట్టుకోవడం. సావిత్రిది ఈ మార్గం.

ఇంటి నేర్పు: గోమినిలాగా ఉన్న కొద్దిలో గడిపి చూపించడం. కోడలి తెలివిని మామగారు పరీక్షించే కథలన్నీ ఈ శాఖకు చెందుతాయి.

అచ్చులోకి: కాశీమజిలీల నుంచి చందమామ వరకు

మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) రాసిన కాశీమజిలీ కథలు తెలుగు వచనంలో అద్భుత కథలకు పెద్ద గని. మణిసిద్ధుడనే యతి ఒక గోపకుణ్ణి వెంటబెట్టుకుని కాశీకి నడుస్తూ, ప్రతి మజిలీలో అక్కడ కనిపించిన వింతకు సంబంధించిన కథ చెప్పడం దీని చట్రం. ఇందులోని రాజకుమార్తెలు చదువుకున్నవారు, పురుష వేషాలు వేసేవారు, స్వయంగా వరుణ్ణి ఎంచుకునేవారు. భాష గ్రాంథిక ఛాయలో ఉన్నా, ఒక కథలోంచి ఇంకో కథలోకి దారితీసే అల్లిక వల్ల ఇంటింటా పఠనానికి నోచుకుంది. జానపద చిత్రాల రచయితలకు ఇది ఎంతోకాలం ముడిసరుకుగా ఉపయోగపడింది.

పిల్లల పత్రికల్లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల బాల 1945లో వచ్చింది. బి. నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన చందమామ 1947 జులైలో మొదలైంది. 1952 నుంచి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యతలు మోశారు. ప్రేమను చెప్పడానికి చందమామకు ఒక పొదుపైన పద్ధతి ఉండేది. అతని గుణం చూసి ఆమె ఇష్టపడిందని ఒక వాక్యం, చివర వైభవంగా పెళ్లి జరిగిందని ఒక వాక్యం. మధ్యలో ఉన్నదంతా పరీక్ష, ప్రయాణం, ఉపాయం. పదేళ్ల పిల్లా, ఇంటర్ చదివే అక్కా, తాతగారూ ఒకే సంచికను పంచుకున్నారు.

దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ ధారావాహికలు అద్భుత సాహసాన్ని శిఖరానికి తీసుకెళ్లాయి. అయితే వీటిలో ముందుండి నడిచేది యువకులు. నాయిక యుక్తి ధారావాహికల్లో కంటే ఒకటి రెండు పేజీల చిన్న కథల్లోనే ఎక్కువగా నిలిచింది. అక్కడ పల్లెటూరి పిల్లలు, వర్తకుల కూతుళ్లు, కొత్త కోడళ్లు రాజులకు, దొంగలకు, భూతాలకు బుద్ధి చెబుతారు.

విశాఖపట్నం, ఉత్తరాంధ్ర

విశాఖపట్నానికి ఈ కథలతో ఉన్న సంబంధం చాలావరకు చుట్టుపక్కల ఊళ్ల ద్వారా వచ్చింది. జాతరల వేళ జముకు వాద్యంతో రాత్రంతా చెప్పే జముకుల కథ ఉత్తరాంధ్ర ప్రత్యేక కళారూపం. ఎల్లమ్మ వంటి గ్రామదేవతల కథలు దాని ప్రధాన వస్తువు. విజయనగరంలో స్థిరపడిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) సావిత్రి, రుక్మిణి కథలను హరికథలుగా మలిచాడు. మాటతో యముణ్ణి గెలిచిన నాయికను, ఉపాయంతో వరుణ్ణి పిలిపించుకున్న నాయికను చదువురాని శ్రోతలకు కూడా పరిచయం చేసిన వేదిక అది.

జానపద చిత్రాలకు మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1901లో నేటి విజయనగరం జిల్లా రాజాంలో పుట్టాడు. గుణసుందరి కథ, పాతాళభైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ ఆయన కలం నుంచి వచ్చినవే. ఈ చిత్రాల్లో ప్రేమికుల సంభాషణకు ఆయన ఇచ్చిన రూపం తెలుగు మర్యాద ప్రణయానికి ప్రమాణంగా నిలిచింది. అందులో చమత్కారం ఉంటుంది, అసభ్యత ఉండదు.

చిత్రకారుడు వడ్డాది పాపయ్య (1921–1992) శ్రీకాకుళంలో పుట్టి, అనకాపల్లి దగ్గర కశింకోటలో స్థిరపడ్డాడు. కశింకోట అప్పుడు విశాఖపట్నం జిల్లాలోది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. వపా అన్న సంతకంతో చందమామకు, చక్రపాణి నడిపిన మరో పత్రిక యువకు ఆయన వేసిన ముఖచిత్రాలు నాయిక రూపాన్ని పాఠకుల మనసులో స్థిరపరిచాయి. ఒకటి పిల్లల పత్రిక, రెండోది యువతీయువకులది. రెండింటికీ ఒకే కుంచె పనిచేయడం వల్ల, చందమామలో రాకుమారిని చూసి పెరిగిన అమ్మాయి యువలో పడుచుపిల్లను చూసినప్పుడు అదే లోకం కొనసాగింది.

నగరం మాత్రం వేరే దారి పట్టింది. 1926లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. 1933లో రేవు ప్రారంభమైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. రేవు, రైలు, కోర్టు, కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరికి దాని రచయితలు వాస్తవిక కథను ఎంచుకున్నారు. న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) ఆరు సారా కథలు, అల్పజీవి వంటి రచనలతో విశాఖ కథకు ముఖచిత్రమయ్యాడు. ఆయన కథల్లో ఆడవాళ్లకు తెలివి ఉంది, కానీ పోలీసులు, ప్లీడర్లు, పెత్తందార్ల వ్యవస్థ ముందు ఆ తెలివి చాలదు. బాలనాగమ్మ కథ ఇచ్చే హామీని రావిశాస్త్రి ఇవ్వడు. విశాఖ సాహిత్యంలో అద్భుత ప్రణయ కథ తక్కువగా ఉండడానికి ఈ వాస్తవిక దృష్టి ఒక కారణం.

తీరంలోని పాత ఆనవాళ్లు మాత్రం దేవస్మిత లోకానికి దగ్గరివి. విశాఖ, భీమిలి మధ్య కొండలపై ఉన్న తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాల తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్ర వర్తకంతో ఈ తీరానికి ఉన్న పాత బంధాన్ని అవి చూపుతున్నాయి. ఓడ ఎక్కి భర్త కోసం వెళ్లిన నాయిక కథను విన్నవారికి రేవులు, వర్తకులు కొత్త విషయాలు కావు.

వెండితెర

సి. పుల్లయ్య దర్శకత్వంలో జెమినీ సంస్థ 1942లో తీసిన బాలనాగమ్మలో కాంచనమాల నాయిక, గోవిందరాజుల సుబ్బారావు మాయల ఫకీరు స్థానంలోని మాయల మరాఠీ. 1959లో ఎన్. టి. రామారావు, అంజలీదేవిలతో ఇదే కథ మళ్లీ తెరకెక్కింది.

కె. వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన గుణసుందరి కథ (1949) షేక్‌స్పియర్ లియర్ రాజు కథకు తెలుగు జానపద వేషం వేసింది. ముగ్గురు కూతుళ్లలో చిన్నదైన గుణసుందరి తండ్రికి నచ్చే మాట చెప్పదు. శిక్షగా అనాకారికి ఇచ్చి పెళ్లి చేస్తారు. శ్రీరంజని నాయికగా, కస్తూరి శివరావు భర్త దైవాధీనంగా నటించారు. తండ్రికి నచ్చని నిజం చెప్పే ధైర్యంతో మొదలైన నాయిక, కథ సగానికి వచ్చేసరికి భక్తినీ సహనాన్నీ మాత్రమే నమ్ముకుంటుంది.

ఈ మార్పు మిగతా చిత్రాల్లో ఇంకా స్పష్టం. పాతాళభైరవిలో (1951) మాలతి నటించిన రాకుమారి ఇందుమతిని నేపాళ మాంత్రికుడు ఎత్తుకుపోతాడు. బాలనాగమ్మ స్థానంలోనే ఉన్నా, మాంత్రికుణ్ణి మోసగించి పాతాళభైరవి విగ్రహం దక్కించుకునే ఉపాయం తోటరాముడిదీ అతని స్నేహితుడు అంజిదీ. మాయాబజార్‌లో (1957) యుక్తి అంతా శశిరేఖ రూపంలోనే జరుగుతుంది. కానీ ఆ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. శశిరేఖ పాత్రధారిణి సావిత్రి నటనలోని గొప్పదనం వల్ల ప్రేక్షకుడికి గుర్తుండేది మాయా శశిరేఖ అల్లరి. అసలు శశిరేఖ ఆ సమయంలో ఘటోత్కచుడి ఆశ్రమంలో క్షేమంగా ఉంటుంది. నోటి కథలో నాయికకున్న తెలివి తెరమీదికి వచ్చేసరికి నాయకుడికి, స్నేహితుడికి, మాయకు పంపకమైంది. అగ్రనటుడి చుట్టూ కథ అల్లవలసిన వ్యాపార అవసరం దీనికి ముఖ్య కారణం.

మినహాయింపుల్లో ప్రముఖమైనది బి. విఠలాచార్య తీసిన మంగమ్మ శపథం (1965). 1943 నాటి తమిళ చిత్రం దీనికి పూర్వరూపం. తనను అవమానించిన రాజుకు, నీ వల్లే కొడుకును కని వాడి చేతే నిన్ను కొరడాతో కొట్టిస్తానని మంగమ్మ సవాలు విసురుతుంది. మారువేషంలో అతణ్ణి బోల్తా కొట్టించి మాట నెగ్గించుకుంటుంది. జమున మంగమ్మగా నటించింది. అంతర్జాతీయ వర్గీకరణలో ఇది 891వ రకం. షేక్‌స్పియర్ ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్ నాటకం కూడా ఈ రకానికి చెందినదే.

నవలలో కొనసాగింపు

1960ల తరవాత మాయలు లేని అద్భుత ప్రణయం నవలలోకి వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీలో మధ్యతరగతి అమ్మాయి జయంతి, ధనవంతుడు రాజశేఖరం వద్ద ఉద్యోగంలో చేరుతుంది. కోట స్థానంలో బంగళా, రథం స్థానంలో కారు, శపథం స్థానంలో ఆత్మాభిమానం కనిపిస్తాయి. ముద్దుల దాకా కూడా పోకుండా వందల పేజీలు నడిపిన ఉత్కంఠ ఈ నవలలకు కాలేజీ అమ్మాయిలను పాఠకులుగా తెచ్చింది. విశాఖపట్నంలో నివసించిన ద్వివేదుల విశాలాక్షి అదే కాలంలో వారధి, మారిన విలువలు వంటి నవలలు రాసింది. ఆమె నాయికల తెలివి వరుణ్ణి గెలవడం కంటే కుటుంబాన్ని నిలబెట్టడంలో ఖర్చవుతుంది. గోమిని వారసత్వం యద్దనపూడి కంటే విశాలాక్షిలో ఎక్కువ.

ప్రపంచ సాహిత్యంలో

ఐరోపాలో శార్ల్ పెర్రో 1697లో, గ్రిమ్ సోదరులు 1812 నుంచి అద్భుత కథలను అచ్చుకు తెచ్చారు. గ్రిమ్ సంకలనంలోని రైతు కూతురు రాజు వేసిన చిక్కుముడులు విప్పి రాణి అవుతుంది. 875వ రకంగా పిలిచే ఈ కథ భారతదేశంలోనూ విస్తారంగా దొరుకుతుంది. ఆధునిక ఇంగ్లీషు యువ సాహిత్యం పాత కథలనే నాయిక వైపు నుంచి తిరగరాసింది. రాబిన్ మెకిన్లీ బ్యూటీ (1978), గెయిల్ కార్సన్ లెవీన్ ఎల్లా ఎన్‌చాంటెడ్ (1997), షానన్ హేల్ ది గూస్ గర్ల్ (2003) ఆ బాటలో పేరు పొందాయి. ఎల్లా ఎన్‌చాంటెడ్ నాయికకు ఎవరేం చెప్పినా చేసి తీరాలన్న శాపం ఉంటుంది. దాన్ని ఆమె రాకుమారుడి ముద్దుతో గాక, తన నిర్ణయంతోనే వదిలించుకుంటుంది. బాలనాగమ్మ, దేవస్మిత, మంగమ్మ కథలకు తెలుగులో ఇలాంటి నవలా రూపాలు విరివిగా రాలేదు.

విమర్శ

ఈ కథలపై ప్రధానమైన ఆక్షేపణ, నాయిక తెలివికి దక్కే ఫలితం గురించినది. దండి కథలో గోమినిని పెళ్లాడిన శక్తికుమారుడు తరవాత ఆమెను పట్టించుకోకుండా ఒక వేశ్యను ఇంటికి తెస్తాడు. గోమిని ఆమెతో స్నేహంగా మెలిగి, భర్తను దైవంలా కొలిచి మెప్పిస్తుంది. అంత నేర్పుకు దక్కిన పదవి ఇంటి పెత్తనమే. మంగమ్మ కూడా తనను అవమానించినవాడి కొడుకుకే తల్లి కావాలి. శీలం చెక్కుచెదరకుండా ఉండడాన్నే తెలివికి కొలమానం చేయడం కూడా ఈ కథల్లో తరచు కనిపిస్తుంది.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఇంటి గడప దాటడానికి అనుమతి లేని శ్రోతలకు, బలం లేకున్నా గెలవవచ్చని చెప్పిన కథలివి. ఆచారం, వ్రతం, పాతివ్రత్యం వంటి కట్టుబాట్లను నాయిక తనకు రక్షణ కవచంగా మార్చుకుంటుంది. ఆ మేరకు కట్టుబాటును గౌరవిస్తున్నట్టే కనిపిస్తూ దానితో తన పని జరిపించుకుంటుంది.

ప్రస్తుత స్థితి

చందమామ ప్రచురణ 2013 నాటికి నిలిచిపోయింది. పాత సంచికలు డిజిటల్ ప్రతులుగా పాఠకులకు అందుతున్నాయి. తెరమీద జానపద ధోరణి బాహుబలి చిత్రాలతో (2015, 2017) పెద్ద ఎత్తున తిరిగి వచ్చింది. రెండో భాగంలో దేవసేన నిండు సభలో నిలదీసి మాట్లాడుతుంది, విల్లు పట్టి యుద్ధం చేస్తుంది. పింగళి నాగేంద్రరావు కాలపు రాకుమారితో పోలిస్తే ఇది పెద్ద మార్పు. అయితే అది ధైర్యం, ఆయుధ విద్య వైపు జరిగిన మార్పు. ఉపాయం వైపు కాదు.

కాలం గడిపి, రహస్యం రాబట్టి, ఎదుటివాడి మాటతోనే అతణ్ణి కట్టిపడేసే నాయికకు తెరమీద కంటే పుస్తకంలోనే చోటు ఎక్కువ, ఎందుకంటే ఉపాయం మనసులో జరుగుతుంది. కటాహం చేరిన దేవస్మితకు సరిపడే ఓడరేవు, బాలనాగమ్మ ఎదుర్కొన్న నిర్బంధానికి సమానమైన నేటి పరిస్థితులు, ఇంటర్, డిగ్రీ చదివే పాఠకులు విశాఖపట్నం వంటి ఊళ్లో ఇప్పటికే ఉన్నారు. ఈ సంప్రదాయాన్ని యువ నవలగా మలచడానికి కావలసిన కథలు తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. ఆ కథల్లో యుక్తిని నాయకుడికో మాయకో అప్పగించకుండా నాయిక చేతిలోనే ఉంచడం రాసేవారు తీసుకోవలసిన నిర్ణయం.